గోడ మీద పిల్లి: ఇంట్లో ఉంచాలా, బయటికి వదలాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి. చుక్క రెండు నెలల కూనగా వచ్చింది, ఇంతవరకు గడప దాటలేదు. బూడిద మాత్రం నాలుగైదేళ్ళు వీధుల్లో తిరిగి, ఒక చెవి చింపించుకుని, ఒక వానరాత్రి మా గుమ్మంలో వచ్చి కూర్చున్నాడు. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగే సందేహాలు తిప్పితిప్పి ఇవే. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఒకచోట రాసిపెట్టాను. ఏది కావాలంటే దానికే వెళ్ళి చదువుకోవచ్చు. నేను వెటర్నరీ డాక్టర్ని కాను. ఒంట్లో బాగోలేని పిల్లిని మాత్రం డాక్టర్‌కే చూపించండి.

## తెచ్చుకునే ముందు

సూటిగా చెప్పండి, ఇంట్లోనే ఉంచాలా, బయటికి వదలాలా?

ఇంట్లోనే ఉంచండి. కాకపోతే తలుపు మూయడంతో మీ పని అయిపోదు, మొదలవుతుంది. బయట పిల్లికి ఊరికే దొరికేవి కొన్నున్నాయి: ఎక్కడానికి గోడ, గీకడానికి చెట్టు మొదలు, పొంచి ఉండి పట్టడానికి ఏదో ఒక పురుగు, ఎవరికీ కనబడకుండా ముడుచుకోవడానికి ఒక సందు. ఇవన్నీ లోపల మీరు సమకూర్చాలి. ఆ ఓపిక లేకపోతే పిల్లిని తెచ్చుకోవద్దనే చెబుతాను. పైగా ఇది అటో ఇటో తేల్చేయాల్సిన విషయం కూడా కాదు. మెష్ కట్టిన బాల్కనీ, పిల్లి దాటలేని కంచె ఉన్న పెరడు, ఒంటికి హార్నెస్ (ఛాతీకి బిగించే పట్టీ, దానికో తాడు) తొడిగి తిప్పడం, ఇవన్నీ బయటే. నేను వద్దనేది ఒక్కటే: తలుపు తీసి వదిలేసి, ఎప్పుడొస్తే అప్పుడు రానీ అనుకోవడం.

పిల్లి స్వభావమే తిరగడం కదా, లోపల బంధించడం పాపం కాదా?

ఈ మాటలో సగం నిజముంది. పిల్లి మనిషి పంచన చేరి దాదాపు 10,000 ఏళ్ళయింది. సైప్రస్‌లో 9,500 ఏళ్ళనాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికింది. అన్నేళ్ళూ అది ధాన్యం దగ్గర ఎలుకలు పట్టుకుంటూ ఇంటికీ బయటికీ మధ్యే బతికింది. పూర్తిగా నాలుగు గోడల మధ్య పెంచడం నిన్నమొన్నటి సంగతి. 1947లో అమెరికాలో ఎడ్ లో అనే ఆయన మట్టి గుళికల్ని (లిట్టర్) పిల్లుల మలమూత్రాల కోసం అమ్మడం మొదలుపెట్టాకే అది తేలికైంది. అంతకుముందు బూడిదో ఇసుకో వాడేవాళ్ళు. కాబట్టి వేట బుద్ధి దాని ఒంట్లో అలాగే ఉంది, దాన్ని కాదనలేం.

కానీ కార్లు, ఎలుకల మందు, కిటికీలోంచి విసిరే రాయి, ఇవి పిల్లి స్వభావంలో లేవు కదా. ఎక్కాలి, దాక్కోవాలి, దూకి పట్టాలి అన్న కోరిక తీరాలి. అది రోడ్డు మీదే తీరాలని లేదు.

బయట తిరిగే పిల్లులు మూడునాలుగేళ్ళే బతుకుతాయట, నిజమేనా?

ఈ లెక్క అందరి నోటా వినిపిస్తుంది గానీ నేను నమ్మను. ఎవరూ పట్టించుకోని వీధిపిల్లుల్నీ, పగలు తిరిగొచ్చి రాత్రి ఇంట్లో పడుకునే పెంపుడు పిల్లుల్నీ ఒకే గాటన కట్టేస్తే వచ్చే అంకె అది. ఇంగ్లండ్‌లో పెంపుడు పిల్లులు ఎక్కువ భాగం బయటికి వెళ్తాయి. అక్కడి వైద్యశాలల రికార్డులతో 2015లో వచ్చిన అధ్యయనంలో పిల్లుల మధ్యస్థ ఆయుష్షు 14 ఏళ్ళని తేలింది.

అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. నా మనసు మార్చింది అదే. ఐదేళ్ళు నిండకుండా చనిపోయిన పిల్లుల్లో దాదాపు సగం, 47 శాతం, దెబ్బలు తగిలి పోయినవి. ఆ దెబ్బల్లో రోడ్డు ప్రమాదాలదే పెద్ద వాటా. అంటే బయట తిరిగినంత మాత్రాన ప్రతి పిల్లికీ ఆయుష్షు తగ్గిపోదు. పోయేది మాత్రం కుర్రపిల్లి, అదీ ఉన్నట్టుండి.

ఒక్కో దేశంలో ఒక్కోలా చెబుతారెందుకు?

ఎక్కడ ఏం ప్రమాదమో దాన్నిబట్టి. బ్రిటన్‌లో పిల్లిని వేటాడే పెద్ద జంతువులు లేవు, కుక్కల వల్ల వచ్చే రేబీస్ లేదు. అక్కడ పిల్లిని బయటికి పంపకపోతేనే అదోలా చూస్తారు. అమెరికాలో కొయోట్లనే తోడేళ్ళ జాతి జంతువులున్నాయి, అక్కడి డాక్టర్లు లోపల ఉంచమంటారు. ఆస్ట్రేలియాలో సమస్య తిరగబడింది, అక్కడ కాపాడాల్సింది పిల్లి నుంచి చిన్న జంతువుల్ని. కాన్‌బెర్రాలో 2022 జులై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లుల్ని ఇంటి ఆవరణ దాటనివ్వకూడదు. జర్మనీలో వాల్‌డార్ఫ్ అనే పట్టణంలో అదే ఏడాది, నేల మీద గూడు పెట్టే ఒక భరతపక్షి జాతి కోసం వేసవి నెలల్లో పిల్లుల్ని లోపలే ఉంచమని ఉత్తర్వు వేశారు.

చిన్న ఫ్లాట్‌లో పిల్లి ఉండగలదా?

ఉండగలదు. పిల్లికి చదరపు అడుగుల కంటే ఎత్తు ముఖ్యం. గోడకి నాలుగు బలమైన అరలు, కిటికీ దగ్గర ఒక తిన్నె, బీరువా పైకి దారి ఉంటే ఒక గది రెండు గదులవుతుంది. మా చుక్క రోజులో ఎక్కువసేపు పుస్తకాల అర పైనే ఉంటుంది, ఇల్లంతా తనదే అన్నట్టు మమ్మల్ని కిందికి చూస్తూ.

## మొదటి నెలలు

ఎంత ఎత్తు నుంచి పడినా పిల్లి కాళ్ళ మీదే పడుతుందిగా, కిటికీకి మెష్ ఎందుకు?

కాళ్ళ మీదే పడుతుంది. ఆ వెంటనే గడ్డం, ఛాతీ నేలకి కొట్టుకుంటాయి. 1987లో న్యూయార్క్ డాక్టర్లు మేడల మీంచి పడ్డ 132 పిల్లుల వివరాలు ప్రచురించారు. సగటున ఐదున్నర అంతస్తుల ఎత్తు. వైద్యం అందినవాటిలో 90 శాతం బతికాయి. ఏడంతస్తులు దాటితే దెబ్బలు తగ్గుతాయన్న వింత మాట కూడా ఆ కాగితాల్లోంచే పుట్టింది. అందులో ఒక మెలిక ఉంది: ఆస్పత్రికి తెచ్చిన పిల్లులే లెక్కలోకి వచ్చాయి. అక్కడికక్కడే పోయినదాన్ని ఆస్పత్రికి ఎవరు తెస్తారు?

మామూలు దోమతెర చాలదు, గోళ్ళకి చిరుగుతుంది, బరువుకి ఫ్రేముతో సహా ఊడొస్తుంది. తీగ మెష్ గానీ, గట్టి నైలాన్ వల గానీ నాలుగు వైపులా బిగించాలి. తల పట్టే సందు ఉంటే ఒళ్ళంతా పట్టినట్టే. పిల్లి వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. అది వచ్చేనాటికే మెష్ ఉండాలి, ఎందుకంటే ఎదురుగా పావురం వాలితే దానికి అంతస్తులు గుర్తుండవు.

పిల్లికూనని ఏ వయసులో బయటికి తీసుకెళ్ళొచ్చు?

టీకాలు పూర్తయి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కుట్టు మానాక. మొదటి టీకా 6 నుంచి 8 వారాల వయసులో వేస్తారు. తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున కనీసం 16 వారాలు వచ్చేదాకా. ఇన్నిసార్లెందుకంటే, తల్లిపాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. అది ఏ కూనకి ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం. ఒక్క డోసు వేయించి అయిపోయిందనుకునేవాళ్ళే ఎక్కువ. బయటికి వెళ్ళబోయే పిల్లికి రేబీస్‌తో పాటు, పిల్లుల్లో రక్తక్యాన్సర్ తెచ్చే ల్యుకేమియా వైరస్ టీకా గురించీ డాక్టర్ని అడగండి.

ఇంట్లోనే ఉంటుంది కదా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎందుకు?

ఎదకొచ్చిన పిల్లి రాత్రంతా పెట్టే అరుపు ఒక్కసారి విన్నవాళ్ళు ఈ ప్రశ్న మళ్ళీ అడగరు. ఆడది నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. కడుపుతో ఉండేది తొమ్మిది వారాలే, 63 నుంచి 65 రోజులు. గండుపిల్లి అయితే గోడలకీ కర్టెన్లకీ ఘాటు మూత్రం చిమ్ముతుంది, తలుపు సందు దొరికితే వీధులు దాటిపోయి కొట్లాటల్లో దెబ్బలు తింటుంది. ఆపరేషన్ తర్వాత ఈ తిరుగుడు బాగా తగ్గుతుంది. నాలుగైదు నెలల వయసులోనే చేయించొచ్చు. ఒక్క ఈత అయితే ఆరోగ్యానికి మంచిదన్నది వట్టి మాట.

వీధిపిల్లిని లోపలికి తెచ్చాను. తలుపు దగ్గర ఒకటే ఏడుపు. వదిలేయనా?

వెంటనే వద్దు. మా బూడిద మొదటి పదిరోజులు నిజంగానే కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తెల్లవారుజామున నాలుగింటికి తలుపు దగ్గర కూర్చుని మొదలుపెట్టేవాడు. మధ్యలో ఆపి, తలుపు కింద సందుకి ముక్కు ఆనించి, బయటి వాసన రెండు సార్లు పీల్చుకుని, మళ్ళీ అందుకునేవాడు. ఐదో రాత్రి నిద్ర చాలక నేనే లేచి తలుపు తీశాను. గంటలో తిరిగొచ్చాడు గానీ మర్నాటి నుంచి ఏడుపు రెట్టింపైంది. ఎంతసేపు ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందో నేనే వాడికి నేర్పించాను.

చివరికి పనిచేసింది ఇది. వాడు లేచే వేళకి పావుగంట ముందు అలారం పెట్టుకుని, కర్రకి కట్టిన ఈకతో వగర్చేదాకా ఆడించి, వెంటనే తిండి పెట్టడం. వేటాడి తిన్న పిల్లి ఒళ్ళు నాక్కుని పడుకుంటుంది, అది దాని క్రమం. ఏడుస్తున్నప్పుడు తిట్టినా బుజ్జగించినా పలికినట్టే, కాబట్టి నోరు మెదపలేదు. మూడో వారానికి సగమైంది, రెండో నెలకి పోయింది.

ఒక మినహాయింపు. పిల్లికూన మనుషులకి మచ్చికయ్యే వయసు 2 నుంచి 7 వారాలు. ఆ వయసులో మనిషి చెయ్యి తగలకుండా పెరిగిన పెద్దపిల్లి కొన్నిసార్లు లోపల ఇమడలేదు. మంచం కింద నుంచి రాదు, తినదు. అలాంటిదాన్ని పట్టి ఆపరేషన్, టీకాలు చేయించి, దాని చోటనే వదిలి తిండి పెట్టడం మేలు.

తలుపు తీయగానే కాళ్ళ సందులోంచి తుర్రుమంటోంది, ఎలా ఆపాలి?

గుమ్మం దగ్గర పిల్లిని పలకరించడం, ముద్దు చేయడం మానేయండి. తలుపుకి దూరంగా ఎత్తయిన చోటు ఒకటి చూసి, వచ్చిన ప్రతిసారీ అక్కడికెళ్ళి పలకరించండి, అక్కడే ఏదైనా పెట్టండి. రెండు వారాల్లో తాళం చప్పుడు వినగానే అక్కడికెళ్ళి కూర్చుంటుంది. జారిపోతే వెంట పరుగెత్తొద్దు, అప్పుడది ఆటో వేటో అయిపోతుంది.

ఇల్లు మారాం. పాత ఇంటికి పారిపోతుందా?

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు గానీ, దాన్ని మనం ఒక్క ఇల్లు మార్చినా తట్టుకోలేదు. పాత ఇల్లు దగ్గర్లోనే ఉంటే వెళ్ళిపోయే అవకాశం ఎక్కువ. మొదట ఒకే గదిలో, దాని పాత పక్కా, లిట్టర్ బాక్సూ (మలమూత్రాల పెట్టె) పెట్టి ఉంచండి. పక్క ఉతకొద్దు, ఆ వాసనే దానికి ధైర్యం. బయట తిరిగే పిల్లినైనా మూడు నాలుగు వారాలు లోపలే ఉంచాలి.

## రోజూ ఇంట్లో

పగలంతా నిద్రే. బోరు కొట్టి పడుకుంటోందా?

కాకపోవచ్చు. పిల్లి రోజుకి 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. దాని చురుకుదనమంతా తెల్లవారుజామున, మునిమాపు వేళ. అనుమానించాల్సింది నిద్రని కాదు. ఒంటి మీద ఒకేచోట బొచ్చు ఊడేదాకా నాక్కోవడం, మీ చీలమండల మీదికి దూకడం, తిండి గిన్నె దగ్గరే పడి ఉండటం, ఈక చూపించినా తల తిప్పకపోవడం, వీటిని గమనించండి.

ఆడించడమంటే ఎంతసేపు, ఎలా?

రోజుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారి 5 నుంచి 10 నిమిషాలు. అంతే, కానీ మనసుపెట్టి. బొమ్మని పిల్లి మొహం మీద ఊపితే ఆట కాదు. ఏ ఎలుకా పిల్లి దగ్గరికి నడిచి రాదు. బొమ్మ దూరంగా పోవాలి, సోఫా చాటుకి జారాలి, కాసేపు కదలకుండా ఉండి, తోక మాత్రం కనబడాలి. అప్పుడు చూడండి, పిల్లి పొట్ట నేలకి ఆనించి, వెనక పిర్రలు అటూ ఇటూ ఊపి దూకుతుంది. కొన్నిసార్లయినా పట్టుకోనివ్వాలి. లేజర్ లైటుతో వచ్చిన చిక్కే అది, ఎంత దూకినా పంజా కింద ఏమీ ఉండదు. వాడితే ఆఖర్న ఆ వెలుగుని ఒక బొమ్మ మీదో తిండి మీదో ఆపండి. తాడు, దారం బొమ్మల్ని ఆట అవగానే తీసి దాచేయాలి, మింగితే పేగుకి చుట్టుకుంటుంది.

లిట్టర్ బాక్సులు ఎన్ని పెట్టాలి, ఎక్కడ?

పిల్లికొకటి, పైన ఇంకొకటి. రెండు పిల్లులకి మూడు. మూడూ ఒకేచోట వరసగా పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే. పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి, అమ్మేవాటిలో చాలా భాగం అంత ఉండవు. తిండికి దూరంగా, వాషింగ్ మెషిన్ లాంటి చప్పుళ్ళకి దూరంగా, పారిపోవడానికి దారి ఉన్న చోట పెట్టండి. రోజూ తీసేయాలి. వాసన లేని సన్నటి లిట్టరే పిల్లులకి ఎక్కువగా నచ్చుతుంది, సెంటు వాసన మనకోసం వేసింది.

బాక్స్ వదిలేసి పరుపు మీద పోస్తోంది. మా మీద కక్షా?

పిల్లికి కక్షలుండవు. ముందు జబ్బు అనుకోండి, తర్వాతే అలవాటు అనుకోండి. లోపలే ఉండి, లావుగా, టెన్షన్‌తో బతికే పిల్లులకి మూత్రాశయం వాపు ఎక్కువగా వస్తుంది. నొప్పి పుట్టిన చోటు బాక్స్ కాబట్టి బాక్స్‌నే తప్పిస్తుంది.

ఇంకో మాట, ఇది గుర్తుపెట్టుకోండి. మగపిల్లి మాటిమాటికీ బాక్స్‌లోకి వెళ్ళి, ముక్కుతూ, చుక్క కూడా రాకుండా బయటికొస్తుంటే అది మలబద్ధకం అనుకుని తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా సరే తీసుకెళ్ళాలి. నీళ్ళు ఎక్కువ తాగేలా రెండు మూడు చోట్ల గిన్నెలు, తడి తిండి సాయపడతాయి.

సోఫా చించేస్తోంది, గోళ్ళు తీయించేయొచ్చా?

వద్దు. గోరు తీయడమంటే గోరు కత్తిరించడం కాదు, వేలి చివరి ఎముకనే కోసేయడం. చాలా దేశాల్లో అది నేరం. పిల్లి ఒళ్ళు పూర్తిగా చాచి గీకడానికి వీలుగా మూడడుగుల ఎత్తు, ఊగకుండా నిలబడే కంబం ఒకటి సోఫా పక్కనే పెట్టండి, మూల గదిలో కాదు. గోళ్ళ కొనలు రెండు మూడు వారాలకోసారి కత్తిరించుకోవచ్చు.

ఇంట్లోనే ఉండి లావెక్కిపోతోంది.

గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచడం మానేయండి. కొలిచి, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టండి. ఉన్నట్టుండి తిండి ఆపేయకండి. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం పాడవుతుంది.

గడప దాటని పిల్లికి టీకాలెందుకు?

పిల్లి దాటకపోయినా మీ చెప్పులు దాటుతాయిగా. పిల్లికూనల్ని ఊడ్చేసే పాన్‌ల్యుకోపీనియా వైరస్ నెలల తరబడి బతికి, చెప్పులకీ బట్టలకీ అంటుకుని లోపలికొస్తుంది. రేబీస్ ఉన్న గబ్బిలం కిటికీలోంచి రావచ్చు. పిల్లి ఒక్కసారి తప్పించుకున్నా చాలు. రేబీస్ లక్షణాలు కనబడ్డాక వైద్యం లేదు.

ఇంట్లో గర్భిణి ఉంది. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయాలా?

అక్కర్లేదు. భయమంతా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది సోకిన పిల్లి మలంలో దాని గుడ్లు సాధారణంగా జీవితంలో ఒక్కసారే, ఒకటి నుంచి మూడు వారాలపాటు వస్తాయి. బయటపడ్డాక అవి అంటుకునే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అందుకే బాక్స్ రోజూ శుభ్రం చేయాలి, ఆ పని ఇంకొకరు చేయాలి. తప్పకపోతే చేతికి గ్లవ్స్ వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. ఎలుకలూ పిట్టలూ పట్టకుండా, పచ్చిమాంసం తినకుండా లోపలే పెరిగే పిల్లికి ఇది సోకే అవకాశం తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, తోటమట్టి, ఇవి గర్భిణికి పిల్లి కన్నా పెద్ద ప్రమాదాలు.

ఇంట్లో ఏవేవి దూరంగా పెట్టాలి?

లిల్లీ పూలు మొట్టమొదట. అసలైన లిల్లీల (లిలియం జాతి) పుప్పొడి ఒంటికంటి నాక్కున్నా పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి. కుండీలో ఉండే నీళ్ళు కూడా అంతే. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయొచ్చు, జ్వరంగా ఉందని మీ మందు పెట్టొద్దు. కుక్కలకి పేలకోసం వేసే పర్మెత్రిన్ మందు పిల్లికి విషం. సూదీదారం, రబ్బరు బ్యాండ్లు. వాషింగ్ మెషిన్ తలుపు వేసేముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. మేం ఒకసారి తువ్వాళ్ళ మధ్య చుక్కని చూశాం, బటన్ నొక్కేముందు.

## బయటికి పంపేవాళ్ళకి

బయటికెళ్తే ఎంత దూరం పోతుంది?

మనం అనుకున్నంత కాదు. ఆరు దేశాల్లో 925 పెంపుడు పిల్లులకి జీపీఎస్ పెట్టి చూసిన అధ్యయనం 2020లో వచ్చింది. చాలా పిల్లులు ఇంటికి 100 మీటర్ల లోపలే తిరిగాయి. ఇది విని మనసు కుదుటపడేలోపు ఒక్కసారి లెక్కేసుకోండి, ఆ 100 మీటర్లలో మీ ఇంటి చుట్టూ ఎన్ని రోడ్లున్నాయో.

ఏ వేళలో వదిలితే మేలు?

పగలు. పొద్దు వాలకముందే లోపలికి రావాలి. రోడ్డు ప్రమాదాలు చీకట్లోనే ఎక్కువ, కొట్లాటలూ అప్పుడే, పిల్లి వేట కూడా చీకటికి ముందూ వెనకే. పెద్ద భోజనం సాయంత్రానికి మార్చి, రోజూ ఒకే చప్పుడు చేసి పిలవండి, డబ్బా ఊపడమో గిన్నె కొట్టడమో. చెవులు తెల్లగా ఉండే పిల్లికి మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండ మంచిది కాదు, చెవి కొనలకీ ముక్కుకీ చర్మ క్యాన్సర్ రావచ్చు.

పిట్టల్ని చంపి తెస్తోంది. మెడలో గంట కడితే చాలా?

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్నది ఎలుకల సమస్య. కట్టగలిగిన మనకి, కడితే ఫలితముంటుందా అన్నది సమస్య. 2021లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇళ్ళల్లో ప్రయత్నించి చూస్తే, గంటతో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మాంసం ఎక్కువగా, గింజ ధాన్యాలు లేకుండా ఉండే తిండి పెట్టిన ఇళ్ళల్లో పిల్లి చంపి తెచ్చేవి 36 శాతం తగ్గాయి. రోజూ 5–10 నిమిషాలు ఆడించిన ఇళ్ళల్లో 25 శాతం తగ్గాయి. రంగురంగుల గుడ్డ కాలర్ తొడిగితే పిట్టలకి ముందే కనబడి, చచ్చే పిట్టలు 42 శాతం తగ్గాయి. ఎలుకలకి మాత్రం ఆ రంగులతో పనిలేదు.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నది అంకెల్లో ఎంతుంటుందో చూడాలంటే: అమెరికాలో పిల్లులు ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతున్నాయని 2013లో అంచనా వేశారు. అందులో ఎక్కువ భాగం యజమాని లేని పిల్లుల పనే. న్యూజిలాండ్‌లో స్టీఫెన్స్ దీవి మీద 1894 ప్రాంతంలో ఎగరలేని చిన్న పిట్టజాతి ఒకటి అంతరించింది. లైట్‌హౌస్ కాపలాదారు పెంచిన ఒకే ఒక్క పిల్లి దాన్ని తుడిచేసిందని కథ. నిజానికి ఆ దీవిలో చాలా పిల్లులుండేవి. కథకి ఒక్క దొంగ ఉంటే బాగుంటుంది, అంతే.

బయట ఏం జబ్బులు అంటుకుంటాయి?

పరాన్నజీవులు సోకే అవకాశం లోపలి పిల్లుల కన్నా 2.77 రెట్లు ఎక్కువని 2019లో ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూసి చెప్పారు. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ అనే వైరస్ కొరుకుళ్ళతో అంటుకుంటుంది, ల్యుకేమియా వైరస్ ఎంగిలితో, ఒకదాన్నొకటి నాక్కోవడంతో. అన్నిటికన్నా మామూలుగా వచ్చేది చీముగడ్డ. పైకి చిన్న గాటే కనబడుతుంది, రెండు రోజులకి కింద నిమ్మకాయంత వాపు. అందుకే బయటి నుంచి వచ్చిన పిల్లి ఒళ్ళు రోజూ చేత్తో తడమండి.

హార్నెస్ తొడిగితే పడిపోయి కదలడం లేదు. పనికొస్తుందా?

పనికొస్తుంది, తొందరపడకపోతే. వారం రోజులు హార్నెస్‌ని తిండి గిన్నె పక్కన పడేయండి. తర్వాత రెండు నిమిషాలు తొడిగి ఏదైనా పెట్టి తీసేయండి. ఇంట్లో తోక ఎత్తుకుని నడిచాకే గడప దాటించాలి. ఎటు వెళ్ళాలో పిల్లినే తేల్చనివ్వండి, ఇది కుక్కతో నడక కాదు. పావుగంట ఒకే పొద దగ్గర కూర్చున్నా దానికి అది ప్రయాణమే. కొన్ని పిల్లులకి ఎప్పటికీ నచ్చదు, బలవంతం చేయొద్దు.

కాలర్ చాలా, మైక్రోచిప్ కూడా కావాలా?

రెండూ. కాలర్ కొమ్మకి తగులుకుంటే తనంతట తెరుచుకునేదై ఉండాలి. తెరుచుకునేది ఊడిపోతుంది కూడా, అందుకే చర్మం కింద పెట్టే చిప్. అమెరికా షెల్టర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో, దారితప్పి చేరిన పిల్లుల్లో మామూలుగా 1.8 శాతమే ఇల్లు చేరితే, చిప్ ఉన్నవాటిలో 38.5 శాతం చేరాయి. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి చిప్ తప్పనిసరి. ఫోన్ నంబరు మారితే చిప్ రికార్డులోనూ మార్చండి. చిప్ అంటే నంబరే, అది పిల్లి ఎక్కడుందో చూపించదు.

## తప్పిపోతే, పెద్దదైతే

పిల్లి కనబడటం లేదు. ముందు ఏం చేయాలి?

ముందు ఇల్లు వెతకండి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, బీరువాలో పడుకున్న పిల్లి కోసం వీధులు తిరిగినవాళ్ళు నాకు తెలుసు. లేదని తేలాక ఇంటి చుట్టూ, చేతిలో టార్చితో, వంగి. తప్పిపోయిన 1,210 పిల్లుల మీద 2018లో వచ్చిన అధ్యయనంలో దొరికినవాటిలో నాలుగింట మూడొంతులు 500 మీటర్ల లోపలే దొరికాయి. అన్ని పిల్లుల్లో మూడోవంతు మొదటి వారంలోనే దొరికాయి. లోపలే పెరిగిన పిల్లి దూరం పోదు, భయంతో మెట్ల కిందో, కారు కిందో, పక్కింటి సామాన్ల గదిలోనో బిగుసుకుపోయి ఉంటుంది. పిలిచినా పలకదు. అందుకే పిలవడం కన్నా చూడటం ముఖ్యం. రాత్రి నిశ్శబ్దమయ్యాక మళ్ళీ వెళ్ళండి, టార్చి వెలుగుకి కళ్ళు మెరుస్తాయి. పక్కింటివాళ్ళని గదులు తెరిచి చూడమనండి, "చూశాం, లేదు" అంటే ఇంకోసారి అడగండి.

ఇన్నేళ్ళు బయట తిరిగిన ముసలి పిల్లిని ఇప్పుడు లోపల పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కుర్రపిల్లికన్నా అదే తేలిగ్గా ఒప్పుకుంటుంది. పదేళ్ళు దాటాక కీళ్ళు నొప్పులు, చూపు మందగించడం, వినికిడి తగ్గడం మామూలు. గోడ దూకలేని పిల్లి కుక్క నుంచి తప్పించుకోలేదు. బయట గడిపే గంటల్ని వారానికి కొంత చొప్పున తగ్గించుకుంటూ రండి. లోపలి బాక్స్‌కి ఒక పక్క అంచు తక్కువ ఉండాలి, అర ఎక్కడానికి మధ్యలో ఒక మెట్టు కావాలి. బయటే మూత్రం పోసే అలవాటున్న పిల్లికి మొదట్లో లిట్టర్‌లో కొంచెం తోటమట్టి కలపండి, తర్వాత తగ్గించొచ్చు. బూడిదకి అలాగే అలవాటు చేశాం. లోపలికొచ్చాక నీళ్ళు ఎక్కువ తాగుతున్నట్టు, బాక్స్‌లో ముద్దలు పెద్దవవుతున్నట్టు కనబడితే మూత్రపిండాల పరీక్ష చేయించండి. అది ఎన్నాళ్ళుగానో ఉండి ఉండొచ్చు, బయట పోసినంతకాలం మనం చూడలేదు.